గ్లోవ్స్ మీ కోసమా, శాంపిల్ కోసమా? బయాలజీ ల్యాబ్ నియమాల్లో కలిసిపోయిన మూడు సంగతులు

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, తిరుపతి నుంచి, అటు తెలంగాణ జిల్లాల నుంచి కూడా బోలెడంతమంది మన పిల్లలు మైక్రోబయాలజీయో బయోటెక్నాలజీయో చదవడానికి, లేదంటే ఓ ఆర్నెల్ల ప్రాజెక్ట్ చేసుకోవడానికి బెంగళూరు వస్తుంటారు. చాలామందికి అప్పటిదాకా ల్యాబ్ అంటే రికార్డు రాయడం, ఉల్లి వేరు కొనలో కణవిభజన చూడటం, స్పాటర్లు గుర్తుపట్టడం. ఇక్కడ మొదటి రోజే ఓ నియమాల కాగితం చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటారు. గ్లోవ్స్ వేసుకోవాలి, గ్లోవ్స్‌తో తలుపు ముట్టుకోకూడదు, హుడ్‌లోనే పనిచేయాలి, ఆల్కహాల్‌తో తుడవాలి, ఇథిడియం బ్రోమైడ్ దగ్గర జాగ్రత్త... అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఏది ఎందుకో విడమరిచి చెప్పే తీరిక సీనియర్లకు దొరకదు.

తికమక అక్కడే మొదలవుతుంది. ఆ కాగితం మీద నిజానికి మూడు రకాల నియమాలు కలిసిపోయి ఉంటాయి. కొన్ని మిమ్మల్ని కాపాడతాయి. కొన్ని మీ శాంపిల్‌ని మీ నుంచి కాపాడతాయి. మరికొన్ని ల్యాబ్ గడప దాటి ఉన్నవాళ్లని, అంటే ఇంట్లో వాళ్లని, చెత్త ఎత్తేవాళ్లని కాపాడతాయి. ఒక జాగ్రత్త మూడు పనులూ చేయకపోవచ్చు, ఒక్కోసారి ఒకరిని కాపాడేదే ఇంకొకరికి ముప్పు కూడా. ఈ తేడా తెలియకపోతే నియమాలన్నీ పాటిస్తూనే ప్రమాదంలో పడొచ్చు.

ఒకే గ్లోవ్స్, రెండు గదుల్లో రెండు అర్థాలు

ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే గదిలో గ్లోవ్స్ ముఖ్యంగా శాంపిల్ కోసం. మన చర్మం మీద, చెమటలో ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైములు ఎప్పుడూ ఉంటాయి. ఇవెంత మొండివంటే, వీటిలో కొన్ని మరిగించి చల్లార్చాక మళ్లీ పని మొదలుపెడతాయి. అందుకే అక్కడ ఫోన్ ముట్టుకున్నా, జుట్టు సర్దుకున్నా గ్లోవ్స్ మార్చేయమంటారు. పక్క గదిలో స్టెఫైలోకాకస్ అనే, జబ్బు తెప్పించగల బ్యాక్టీరియాని పెంచుతున్నారనుకోండి, అక్కడ అవే గ్లోవ్స్ మీ కోసం. వాటితో తలుపు పిడి పట్టుకుంటే మీకేం కాదు, మీ వెనక ఉత్త చేతులతో ఆ పిడి పట్టుకునేవాళ్లకి అవుతుంది.

ఇంకో సంగతి, గ్లోవ్స్ అన్నీ అన్నిటినీ ఆపవు. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త లేటెక్స్ గ్లోవ్స్ మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. ఆమె అప్పటి నియమాలన్నీ పాటించారు. అయినా 1997 జూన్‌లో పాదరసం విషప్రభావంతో చనిపోయారు. ఆ ద్రవం లేటెక్స్‌లోంచి క్షణాల్లో చొచ్చుకుపోతుందని తర్వాత పరీక్షల్లో తేలింది. బయాలజీ ల్యాబ్‌లో ఆ రసాయనం ఉండకపోవచ్చు గానీ, డీఎన్‌ఏ తీసేటప్పుడు వాడే క్లోరోఫాం ఉంటుంది. పల్చటి నైట్రైల్ గ్లోవ్స్‌లోంచి అది కొద్ది నిమిషాల్లోనే లోపలికి వచ్చేస్తుంది. అంటే చుక్క పడగానే మార్చడానికి వీలిచ్చేంత సేపు మాత్రమే ఆ గ్లోవ్స్ రక్షణ, గంటసేపు వేసుకుని ఉండటానికి కాదు.

చూడ్డానికి ఒకేలా ఉండే మూడు గాలి పెట్టెలు

ల్యాబ్‌లో అందరూ "హుడ్" అనే పిలుస్తారు గానీ, ఆ పేరు కింద మూడు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. నా దృష్టిలో కొత్త విద్యార్థికి అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే.

మొదటిది ల్యామినార్ ఫ్లో. దీంట్లో గాలి హెపా ఫిల్టర్ గుండా శుభ్రపడి మీ వైపుకే వీస్తుంది. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆ ఫిల్టర్ ఆపేస్తుంది కాబట్టి లోపలున్న ప్లేటు (బ్యాక్టీరియాని పెంచే మూత ఉన్న పళ్లెం), టిష్యూ కల్చర్ మొక్క హాయిగా ఉంటాయి. మరి ప్లేటు మీద నుంచి లేచిన తుంపరలు ఎటు పోతాయి? నేరుగా మీ ముఖం మీదికి. అడ్డంగా గాలి వీచే ల్యామినార్‌లో రోగకారక బ్యాక్టీరియాతో పనిచేయడమంటే శాంపిల్‌ని కాపాడి మిమ్మల్ని బలిపెట్టడమే.

రెండోది క్లాస్ టూ బయోసేఫ్టీ క్యాబినెట్. ముందువైపు జాలీలోంచి గది గాలిని లోపలికి లాక్కుంటుంది, పైనుంచి శుభ్రమైన గాలిని కిందికి దింపుతుంది, బయటికి వదిలే గాలిని మళ్లీ ఫిల్టర్ చేస్తుంది. మీరు, శాంపిల్, గది మూడిటికీ రక్షణ. కానీ ఆ ముందు జాలీ మీద నోట్‌బుక్ పెట్టినా, చేతులు గబగబా లోపలికీ బయటికీ ఆడించినా ఆ గాలి తెర చెదిరిపోతుంది.

మూడోది ఫ్యూమ్ హుడ్. గది గాలిని లాగి పైకప్పు మీదికి పంపేస్తుంది. ఫినాల్, క్లోరోఫాం ఆవిర్ల నుంచి మిమ్మల్ని కాపాడుతుంది, శాంపిల్‌ని మాత్రం పట్టించుకోదు.

ఇప్పుడు వీటిని తారుమారు చేసి చూడండి. బయోసేఫ్టీ క్యాబినెట్ మూడిటికీ రక్షణ ఇస్తుంది కదా అని క్లోరోఫాం సీసా అందులో తెరిస్తే, హెపా ఫిల్టర్ కణాలను ఆపుతుందే తప్ప ఆవిరిని ఆపదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే రకంలో శుభ్రపరిచిన గాలి తిరిగి గదిలోకే వస్తుంది, దాంతో పాటు క్లోరోఫాం కూడా. ఖరీదైన యంత్రంలో పనిచేస్తున్నామన్న ధీమాతో గదిలో అందరూ పీలుస్తూ ఉంటారు.

క్యాబినెట్‌లో బర్నర్ వెలిగించాలా వద్దా అన్నది ఇంకా తెగని వాదన. పాత పద్ధతిలో నేర్చుకున్న గురువులు మంట లేకుండా లూప్ (బ్యాక్టీరియాని ఎత్తే తీగ) ఎలా పట్టుకుంటారని అడుగుతారు. మామూలు బల్ల మీద ఆ మాటలో నిజముంది, మంట పైకి లేపే వేడి గాలి దుమ్ముని పక్కకి నెడుతుంది. క్యాబినెట్‌లో మాత్రం అదే వేడి గాలి కిందికి దిగే శుభ్రమైన గాలికి అడ్డు తగులుతుంది, ఫిల్టర్‌కీ చేటు, ఆల్కహాల్ స్ప్రే పక్కనే ఉంటే అగ్గి భయం అదనం. వాడి పారేసే లూప్‌లు దొరికే చోట క్యాబినెట్‌లో మంట అక్కర్లేదనే వాదనే నాకు బలంగా అనిపిస్తుంది.

"ప్రమాదం లేని" బ్యాక్టీరియా ఎవరికి ప్రమాదం లేనిది?

సూక్ష్మజీవులకు రిస్క్ గ్రూపులు, ల్యాబ్‌లకు బయోసేఫ్టీ లెవెల్స్, రెండిటికీ 1 నుంచి 4 దాకా అంకెలే ఉండటంతో రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది క్రిమి స్వభావం. రెండోది ఆ క్రిమితో మీరు చేసే పనికి ఎలాంటి గది, ఎలాంటి పద్ధతి కావాలన్నది. క్షయ క్రిమినే తీసుకోండి. కఫం స్లైడ్ మీద పూసి మైక్రోస్కోప్‌లో చూడటానికి లెవెల్ 2 జాగ్రత్తలు సరిపోతాయంటారు, అదే క్రిమిని కల్చర్‌లో కోట్లుగా పెంచాలంటే లెవెల్ 3 కావాలి. క్లోనింగ్‌లో వాడే ఈ.కోలై కే-12 రకాలకు లెవెల్ 1 చాలు. లెవెల్ 4 ల్యాబ్ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో 2012 నుంచి ఉంది.

ఈ అంకెలు ఆరోగ్యవంతుడైన మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. 2009లో షికాగో విశ్వవిద్యాలయంలో మాల్కమ్ కసాడబన్ అనే శాస్త్రవేత్త బలహీనపరిచిన ప్లేగు క్రిమితో పనిచేస్తూ ఆ జబ్బుతోనే చనిపోయారు. ఆ రకం క్రిమికి శరీరంలోంచి ఇనుము సంగ్రహించే శక్తి తీసేశారు, అందుకే అది హాని చేయదనుకున్నారు. ఆయనకేమో ఒంట్లో ఇనుము పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు ఉందని మరణం తర్వాత బయటపడింది. క్రిమికి లేని ఇనుము ఆయన రక్తంలోనే దొరికి ఉంటుందని పరిశోధకుల అంచనా. మధుమేహం ఉన్నవాళ్లు, గర్భిణులు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఆ సంగతి గైడ్‌కి ముందే చెప్పుకోవడం వెనకున్న కారణం ఇలాంటిదే.

డిగ్రీ, ఎంఎస్సీ ప్రాజెక్టుల్లో మనవాళ్లకి బాగా ఇష్టమైన అంశం ఫోన్ మీద, కరెన్సీ నోట్ల మీద, మట్టిలో ఉండే బ్యాక్టీరియాని పెంచడం. "అవి రోజూ మన చేతి మీద ఉండేవే కదా, భయమెందుకు" అనేది ఒక వాదన, అందులో కొంత న్యాయం ఉంది. రెండో వైపు వాళ్లు చెప్పేది, చేతి మీద వందల్లో ఉన్నది రాత్రికి రాత్రి ఒకే ప్లేటులో కోట్లయి కూర్చుంటుందని, పైగా అదేమిటో మీకు ఇంకా తెలియదని. మధ్యే మార్గంగా చాలాచోట్ల ప్లేటుకి పారాఫిల్మ్ అనే సాగే పట్టీ చుట్టి, మూత తీయకుండా బయటి నుంచే చూడనిస్తారు. దాన్ని విడిగా పెంచి పరీక్షలు చేయాల్సి వస్తే లెవెల్ 2 జాగ్రత్తలకు మారతారు. ప్రాజెక్టుకి ఏ అడ్డూ లేకుండా రెండు వాదనలకూ సమాధానం చెప్పే పద్ధతి ఇది.

ఇక బయటివాళ్ల సంగతి. 2010, 2011 ప్రాంతంలో అమెరికాలో ల్యాబ్‌లతో ముడిపడిన సాల్మొనెల్లా ఒకటి 38 రాష్ట్రాల్లో 109 మందికి సోకింది, ఒకరు చనిపోయారు. జబ్బుపడ్డవాళ్లలో మైక్రోబయాలజీ విద్యార్థులు, ఉద్యోగులే కాదు, వాళ్ల ఇళ్లలోని చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ల్యాబ్‌లోకి అడుగే పెట్టని పిల్లల దగ్గరికి ఆ క్రిమి ఎలా వెళ్లింది? పెన్ను, నోట్‌బుక్, బ్యాగు, ఫోన్ లాంటివాటి మీదే అందరి అనుమానం. ల్యాబ్ కోటు వేసుకుని క్యాంటీన్‌కి రావద్దని అరిచే గైడ్ గుర్తొస్తున్నారా? ఆ నియమం మీ కోసం పెట్టింది కాదు, క్యాంటీన్‌లో మీ పక్క కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం.

ఆటోక్లేవ్: చెన్నైలో 121 డిగ్రీలు, బెంగళూరులో?

ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ గురించి పుస్తకాలన్నీ 15 పీఎస్‌ఐ పీడనం, 121 డిగ్రీల సెంటీగ్రేడ్, 15 నిమిషాలు అని రాస్తాయి. ఈ వాక్యం చెన్నైలో నిజం. బెంగళూరులో కాస్త తేడా ఉంది.

ఆటోక్లేవ్ పెద్ద ప్రెషర్ కుక్కరే. దాని మీటరు చూపించేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ పీడనం ఉందన్నది. సముద్రం పక్కనున్న చెన్నైలో బయటి గాలి పీడనం సుమారు 14.7 పీఎస్‌ఐ. మీటరు 15 చూపిస్తే లోపల మొత్తం 29.7, ఆ పీడనం దగ్గర ఆవిరి 121 డిగ్రీలు ఉంటుంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి పీడనం 13.2 దగ్గర. నీళ్లు కూడా 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మీటరు అదే 15 చూపించినా లోపల మొత్తం 28.2 మాత్రమే, అంటే ఆవిరి దాదాపు 119 డిగ్రీలు.

రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది. లెక్క కట్టి చూద్దాం. ఆవిరితో చంపేటప్పుడు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే అదే పనికి పది రెట్లు సమయం పడుతుందని సాధారణంగా తీసుకుంటారు. ఆ లెక్కన 2 డిగ్రీలు తగ్గితే చంపే వేగం 63 శాతానికి పడిపోతుంది. 119 డిగ్రీల దగ్గర 15 నిమిషాలంటే 121 దగ్గర తొమ్మిదిన్నర నిమిషాలతో సమానం. పూర్తి 15 నిమిషాల ఫలితం రావాలంటే దాదాపు 24 నిమిషాలు ఉంచాలి, లేదా పీడనాన్ని 16.5 దాకా తీసుకెళ్లాలి, అదీ ఆ యంత్రం పరిమితి ఒప్పుకుంటేనే.

అసలు 15 నిమిషాల్లోనే బోలెడు మార్జిన్ ఉంది, ఇంత లెక్క అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. చిన్న టెస్ట్ ట్యూబుల్లోని మీడియాకి (బ్యాక్టీరియాని పెంచే పోషక ద్రవానికి) వాళ్ల మాట చాలావరకు చెల్లుతుంది. లీటరు ఫ్లాస్కులో మీడియా మధ్యభాగం వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, ఆ మార్జిన్ అక్కడే కరిగిపోతుంది. ఉష్ణోగ్రతని నేరుగా కొలిచి నడిచే కొత్త యంత్రాల్లో ఎత్తు సమస్య లేదు. వెయిట్, మీటరు ఉన్న పాత నిలువు ఆటోక్లేవ్‌లలోనే ఈ చిక్కు, కాలేజీల్లో ఉండేవి ఎక్కువగా అవే.

దీనికంటే పెద్ద శత్రువు లోపల చిక్కుకున్న గాలి. మొదట్లో గాలి మొత్తం పోనివ్వకుండా వాల్వ్ మూసేస్తే మీటరు ఠంచనుగా 15 చూపిస్తుంది, లోపల వేడి మాత్రం ఉండాల్సినంత ఉండదు. సంచులను కుక్కి మూతి బిగించి కట్టినా అంతే. చారలు నల్లబడిన ఆటోక్లేవ్ టేపు చూసి స్టెరిలైజ్ అయిపోయిందనుకుంటారు, కానీ ఆ టేపు చెప్పేది తన దాకా వేడి తగిలిందని మాత్రమే. సంచి నడుమ ఏం జరిగిందో చెప్పగలిగేది జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్ల (వేడికి తేలిగ్గా చావని నిద్రావస్థ రూపాల) పట్టీ. అది లోపల పెట్టి, తీశాక పెంచి చూస్తే పెరగకూడదు.

ఆల్కహాల్ సంగతి క్లుప్తంగా. 70 శాతం ఎందుకంటే ప్రోటీన్లు చెడిపోవడానికి నీళ్లు కూడా కావాలి, పైగా అది కాస్త నెమ్మదిగా ఆరుతుంది. చిక్కటి ఆల్కహాల్ దానికంటే బలహీనంగా పనిచేస్తుంది. 95 శాతం ఆల్కహాల్ 368 మి.లీ. తీసుకుని నీళ్లతో 500కి నింపితే 70 శాతం వస్తుంది. స్పోర్లను మాత్రం ఏ శాతమూ చంపదు.

ఇథిడియం బ్రోమైడ్: భయం ఎంత, ప్రమాదం ఎంత

డీఎన్‌ఏ ముక్కల్ని వేరుచేసే జెల్‌లో అవి కనబడటానికి కలిపే ఈ రంగు పేరు చెబితే కొత్తవాళ్లకి చెమటలు పడతాయి, క్యాన్సర్ వస్తుందని ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. భయానికి ఆధారం ఉంది. ఇది డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరుతుంది. బ్యాక్టీరియాతో చేసే ఏమ్స్ పరీక్షలో, కాలేయ ఎంజైములు కలిపినప్పుడు, మ్యుటేషన్లు కలిగించింది.

రెండో పక్షం వాళ్లు ఆఫ్రికా పశువులను చూపిస్తారు. హోమిడియం అనే పేరుతో ఇదే పదార్థాన్ని అక్కడ ట్రిపనోసోమా అనే పరాన్నజీవి తెచ్చే జబ్బుకి మందుగా ఇంజెక్షన్ ఇస్తూ వచ్చారు, కిలోకి 1 మి.గ్రా. చొప్పున. 300 కిలోల ఆవుకి 300 మి.గ్రా. మన జెల్‌లో మి.లీ.కి 0.5 మైక్రోగ్రాములు, 50 మి.లీ. జెల్‌లో మొత్తం 25 మైక్రోగ్రాములు. ఆవుకి ఒక్కసారి ఇచ్చేదాంతో 12 వేల జెల్‌లు పోయొచ్చు.

అయితే ఆవుకి ఒకసారి ఇచ్చిన మందూ, మనిషి ఏళ్ల తరబడి చేతులకి అంటించుకునేదీ ఒకటి కాదు. మి.లీ.కి 10 మి.గ్రా. ఉండే స్టాక్ సీసా జెల్ కంటే 20 వేల రెట్లు చిక్కన. గ్లోవ్స్ వేసుకోవడానికి అయ్యే ఖర్చు స్వల్పం కాబట్టి జాగ్రత్త మానే కారణమేదీ లేదు. నన్ను కలవరపెట్టేది వేరే. ఈ ఒక్క సీసా మీదే భయమంతా ఖర్చు పెట్టేసి, ఆ జెల్‌ని చూసే యూవీ పెట్టె ముందు షీల్డ్ లేకుండా ముఖం పెట్టేస్తారు. ఆ కాంతి నిమిషాల్లో కళ్లను, చర్మాన్ని కాల్చగలదు. నొప్పి కొన్ని గంటల తర్వాత, రాత్రి హాస్టల్‌లో మొదలవుతుంది. జెల్ కోసం మైక్రోవేవ్‌లో కరిగిస్తుంటే ఉన్నట్టుండి పొంగే అగరోజ్ కాల్చేది కూడా చెయ్యినే. ఈ మధ్య చాలా ల్యాబ్‌లు సైబర్ సేఫ్ (SYBR Safe) లాంటి రంగులకు, నీలి కాంతికి మారుతున్నాయి. ఖర్చు ఎక్కువే అయినా కళ్లకి యూవీ బెడద తప్పుతుంది.

పిపెట్, సెంట్రిఫ్యూజ్: చేతి అలవాటే జాగ్రత్త

1893లో ఒక డాక్టర్ నోటితో పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) పీలుస్తూ టైఫాయిడ్ క్రిములను మింగిన సంఘటన నమోదైంది. బొటనవేలితో నొక్కే పిపెట్‌ని జర్మనీలోని మార్‌బర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ తయారుచేసింది 1957లో. ఇప్పుడు నోటితో పీల్చేవాళ్లు లేరు, కొలతలో తప్పులు మాత్రం మిగిలాయి.

కల్చర్‌లో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో లెక్కపెట్టాలంటే ముందు పలుచన చేయాలి. 900 మైక్రోలీటర్ల బఫర్ ద్రవంలో 100 మైక్రోలీటర్ల కల్చర్, ఇలా ఐదుసార్లు చేస్తే లక్ష రెట్లు పలుచన. చివరి ట్యూబు నుంచి 0.1 మి.లీ. ప్లేటు మీద పరిస్తే 120 కాలనీలు వచ్చాయనుకోండి. మి.లీ.కి 1200, దాన్ని లక్షతో గుణిస్తే 12 కోట్లు. ఇప్పుడు ఆ పిపెట్ 100 అని చూపిస్తూ 105 తీస్తోందనుకుందాం. ఒక్కో మెట్టులో నాలుగున్నర శాతం తప్పు, ఐదు మెట్లకి అది దాదాపు 25 శాతం, ప్లేటు మీద పరిచేటప్పుడు ఇంకో 5 శాతం కలిసి 30 దాటుతుంది. అసలు సంఖ్య 9.2 కోట్ల దగ్గరే ఉంటుంది. 100 మైక్రోలీటర్ల నీళ్లు దాదాపు 100 మి.గ్రా. తూగుతాయి కాబట్టి త్రాసు మీద పదిసార్లు తూచి చూస్తే ఈ లోపం బయటపడిపోతుంది. టిప్‌లో మిగిలిన ఆఖరి బొట్టుని బుడగలొచ్చేలా ఊదడం కూడా ఇలాంటిదే. ఆ బుడగ పగిలినప్పుడు కొలతా పోతుంది, కంటికి కనపడని తుంపరలు మీ ముక్కు దాకా వస్తాయి.

ట్యూబులను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ దగ్గర ఆర్‌పీఎంని (నిమిషానికి ఎన్ని చుట్లో), జీని (ట్యూబు మీద పడే బలం గురుత్వాకర్షణకి ఎన్ని రెట్లో) కలిపేస్తారు. ట్యూబులు పెట్టి తిప్పే చక్రాన్ని రోటర్ అంటారు. దాని వ్యాసార్ధాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని ఆర్‌పీఎం వర్గంతో, ఆపైన 0.00001118తో గుణిస్తే జీ వస్తుంది. 10,000 ఆర్‌పీఎం దగ్గర 7 సెం.మీ. రోటర్ సుమారు 7,800 జీ ఇస్తే, 10 సెం.మీ.ది 11,180 ఇస్తుంది. అందుకే వేరే ల్యాబ్ ప్రోటోకాల్‌లో ఆర్‌పీఎం మాత్రమే రాసి ఉంటే అది సగం సమాచారమే. ఎదురెదురు ట్యూబులు ఎత్తులో కాదు, బరువులో సమానంగా ఉండాలి. 10 మి.లీ. నీళ్లు 10 గ్రాములైతే, అంతే క్లోరోఫాం 15 గ్రాముల దగ్గర తూగుతుంది. 1998 డిసెంబరులో కార్నెల్ విశ్వవిద్యాలయంలో తిరుగుతున్న రోటర్ విరిగి అల్ట్రాసెంట్రిఫ్యూజ్ మొత్తం తునాతునకలైంది.

ల్యాబ్ దాటి వెళ్లే సంచి

మన దేశంలో 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం రంగులు నాలుగు. కల్చర్లు, జంతు భాగాలు పసుపు సంచిలోకి. కలుషితమైన ప్లాస్టిక్ ఎరుపులోకి. సూదులు, బ్లేడులు గుచ్చుకోని తెల్లటి డబ్బాలోకి. గాజు నీలం డబ్బాలోకి. ఇక్కడ నియమాలన్నీ మూడో రకానివే, మీ కోసం ఒక్కటీ లేదు. బెంగళూరులో ఈ సంచులు ఎత్తే హౌస్‌కీపింగ్ వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. డబ్బా మీద ఇంగ్లీషులో ఏం రాశారో వాళ్లకి తెలియకపోవచ్చు, రంగును బట్టే నడుచుకుంటారు. ఎరుపు సంచిలో మీరు వేసిన ఒక్క సూది వాళ్ల అరచేతిలో దిగుతుంది, ఎవరి రక్తమో, ఏ క్రిమో తెలుసుకునే దారి వాళ్లకి ఉండదు. అప్పుడు ఆ కుటుంబం నెలల తరబడి రక్త పరీక్షల టెన్షన్‌తో బతకాలి.

కల్చర్లను ల్యాబ్‌లోనే ముందు నిర్వీర్యం చేశాకే బయటికి పంపాలని అవే నియమాలు చెబుతాయి. దానికి బ్లీచ్, ఆటోక్లేవ్ రెండు దారులు, వీటిలో ఏదో ఒకటే. బ్లీచ్ పోసినదాన్ని ఆటోక్లేవ్‌లో పెడితే క్లోరిన్ వాయువు వస్తుంది. డీఎన్‌ఏ కిట్లలోని కొన్ని బఫర్లలో గ్వానిడిన్ ఉంటుంది, దాని మీద బ్లీచ్ పడినా విషవాయువులే. కాబట్టి కిట్ వాడాక మిగిలిన ద్రవాన్ని బ్లీచ్ ఉన్న డిస్కార్డ్ డబ్బాలో పోయకుండా, పేరు రాసి ఉన్న వేరే సీసాలో పెడతారు.